అడిగినంత కాదు, రాసినంత



ఈ పూట ముచ్చట ఒక చిన్న చీటీ గురించి. ఆ చీటీ అరచేయంత కూడా లేదు. బండి స్టాండులో ఇచ్చిన చీటీ అది. ఆ చీటీ చదవకపోవడం వల్ల ఒక ఇంటికి 2,360 రూపాయలు ఖర్చయింది. ఆ చీటీ చదవడం వల్ల అదే ఇంట్లో రెండు లక్షల అప్పు బయటపడింది. ఎలాగో వినండి.

ఇది గౌరి కథ. ఇలాంటి గౌరులు చాలా ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళ సంగతులన్నీ ఒకచోట చేర్చి, ఒక్క గౌరి కథగా చెప్పుకుందాం.

గౌరిది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. భర్త సైన్యంలో జవాను. ఇంట్లో అత్త ఉంది. ఆరో తరగతి చదివే కూతురు ఉంది. రెండేళ్ళ కిందట గౌరి వేలిముద్ర వేసేది. రాత్రిబడికి వెళ్ళి తెలుగు చదవడం, లెక్క రాయడం నేర్చుకుంది.

మన తెలుగు పల్లెల నుంచి సైన్యంలో చేరినవాళ్ళు చాలామంది. పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరం అనే ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచీ ఆ ఊరివాళ్ళు సైన్యంలో చేరుతూనే ఉన్నారు. అందుకే దాన్ని మిలటరీ మాధవరం అంటారు. జవాను ఉన్న ఇంటికి ఊళ్ళో గౌరవం ఉంటుంది. ఇంకొకటి కూడా ఉంటుంది. అప్పు సులువుగా పుడుతుంది. జవానుకు నెల నెలా జీతం ఖాయం. వానలు పడకపోయినా పడుతుంది. ఆ సంగతి అప్పు ఇచ్చేవాళ్ళకు బాగా తెలుసు.

2025 మే నెల. గౌరి భర్త సెలవు మీద ఇంటికొచ్చాడు. ఏప్రిల్ 22న కాశ్మీరులోని పహల్గాంలో ఉగ్రవాదులు పర్యాటకులను కాల్చి చంపారు. మే 7 నుంచి సరిహద్దులో పోరు ముదిరింది. సెలవులో ఉన్న జవాన్లకు వెనక్కి రమ్మని కబురు వచ్చింది. గౌరి భర్త మే 9న బయలుదేరాడు. తెల్లవారుజామున మోటారు సైకిలు మీద రైలు స్టేషనుకు వెళ్ళాడు. బండి స్టాండులో పెట్టాడు. ఊరి ఆటో అతను కనబడితే చీటీ, తాళం అతని చేతికిచ్చాడు. రైలెక్కేశాడు.

ఆటో అతను చీటీ, తాళం తెచ్చి గౌరి అత్తకు ఇచ్చాడు. అత్తకు చదువు రాదు. కొడుకు యుద్ధానికి పోయాడని ఆమె ఏడుస్తూ ఉంది. తాళం మేకుకు తగిలించింది. చీటీ రాములవారి పటం వెనక పెట్టింది. అంతే, మరిచిపోయింది.

కొన్నాళ్ళు జవాను ఫోను కలవలేదు. కలిశాక క్షేమమేనని తెలిసింది. ఆ సంతోషంలో బండి మాట ఎవరూ ఎత్తలేదు. బండి ఇంటికి చేరిందని జవాను అనుకున్నాడు. ఎప్పటిలాగే పట్నంలో స్నేహితుడి ఇంట్లో పెట్టాడని గౌరి అనుకుంది. బండి మాత్రం స్టాండులోనే ఉంది.

ఆగస్టు 26. తెల్లవారితే వినాయక చవితి. గౌరి పటాలు దింపి దుమ్ము దులుపుతోంది. చీటీ కింద పడింది. గౌరి తీసి చదివింది. నెమ్మదిగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"మోటారు సైకిలు. రోజుకు 20 రూపాయలు. 24 గంటలు దాటితే మరో రోజు లెక్క."

పైన తేదీ ఉంది. మే 9.

"అత్తా, ఇది బండి చీటీ!" అంది గౌరి.

"ఓలమ్మో! గుడి చీటీ అనుకున్నానే!" అని అత్త నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

గౌరి అత్తను ఒక్క మాట కూడా అనలేదు. రెండేళ్ళ కిందటైతే తనూ అలాగే అనుకునేది.

మర్నాడే వెళ్ళి బండి తేవాలి. కానీ చేతిలో డబ్బు లేదు. జీతం పడేదాకా ఆగింది. నెలాఖరుకు జీతం పడింది. పాల డబ్బులు, కరెంటు బిల్లు, పిల్ల ఫీజు, అత్త మందులు. రెండు రోజుల్లో మళ్ళీ చెయ్యి ఖాళీ. ఇటు చూస్తే చీటీ మీద రోజుకు 20 పెరుగుతూనే ఉంది.

అప్పుడు గౌరికి ఒక ఆలోచన వచ్చింది. బయట రోజుకు 20 పోతోందని బాధపడుతున్నాం. ఇంట్లో నెలకు ఎంత పోతోంది? జీతం ఎక్కడికి పోతోంది?

బ్యాంకు ఖాతా భార్యాభర్తలిద్దరి పేరా ఉంది. గౌరి బ్యాంకుకు వెళ్ళి పాసుపుస్తకంలో లెక్కలు అచ్చు వేయించింది. అంకెలు గౌరి చదివింది. ఇంగ్లీషు పేర్లు కూతురు చదివింది. ఇద్దరూ కూర్చుని నోటు పుస్తకంలో ఇలా రాసుకున్నారు.

ఖాతాలో పడే జీతం 42,000.
ఇంటి శ్లాబుకు తీసుకున్న బ్యాంకు అప్పు వాయిదా 14,500.
ఫ్రిజ్జు, ఫోను వాయిదాలు 3,500.
జవాను తన ఖర్చుకు ఉంచుకునేది 5,000.
ఇంకొక 6,000. ఇది ఎవరికి?

ప్రతి నెలా 6,000 ఊళ్ళోని ఒక ఆసామి ఖాతాకు పోతోంది. 2024 జనవరి నుంచి 2025 ఆగస్టు దాకా. గౌరి వేలు పెట్టి లెక్కపెట్టింది. ఇరవై సార్లు. ఇవన్నీ పోగా ఇంటికి మిగిలేది 13,000.

ఆ రాత్రి గౌరి భర్తకు ఫోను చేసింది. మొదట అతను మాట దాటేశాడు. తరువాత చెప్పాడు. చెల్లెలి పెళ్ళికి 2023 డిసెంబరులో రెండు లక్షలు తెచ్చాడు. ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ.

"నీకు చెప్తే బెంగ పెట్టుకుంటావని చెప్పలేదు" అన్నాడు.

"చెప్పకుండా మీరొక్కరే అక్కడ బెంగపడుతున్నారు కదండీ" అంది గౌరి.

ఫోనులో చాలాసేపు మాట లేదు. రాత్రిపూట కాపలాలో నిలబడినా తనకు ఆ ఆరువేలే గుర్తొస్తున్నాయని అతను చెప్పాడు. సైనికుడు అప్పులపాలయ్యాడని పై అధికారులకు తెలిస్తే పరువు పోతుందని భయం. ఊళ్ళో తెలిస్తే నామోషీ. అందుకని ఎవరికీ చెప్పలేదు.

అక్కలారా! ఇక్కడ ఒక లెక్క చూడండి. నూటికి నెలకు మూడు రూపాయలంటే చిన్నమాటలా ఉంటుంది. ఏడాదికి నూటికి 36 రూపాయలు అవుతుంది. రెండు లక్షలకు నెలకు 6,000. ఇరవై నెలలకు 1,20,000. అంత కట్టినా అసలు ఎంత తగ్గింది? ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. స్టాండులో పెట్టిన బండి, తీసుకొచ్చిన అప్పు ఒకలాంటివే. రోజులు గడిచే కొద్దీ పెరుగుతాయి. బండి కదలదు, అసలు కదలదు. మనం పడుకున్నా లెక్క మాత్రం పడుకోదు.

గౌరి ముందు చిన్న లెక్క తేల్చాలనుకుంది. డ్వాక్రా సంఘం పొదుపు నుంచి 2,500 తీసుకుంది. సెప్టెంబరు 3న స్టేషనుకు వెళ్ళింది. బస్సులోనే క్యాలెండరు చూసి రోజులు లెక్కేసింది. మేలో 23, జూనులో 30, జూలైలో 31, ఆగస్టులో 31, సెప్టెంబరులో 3. మొత్తం 118 రోజులు. రోజుకు 20 చొప్పున 2,360.

స్టాండు కుర్రాడు చీటీ చూశాడు. "5,900 అవుతుందమ్మా" అన్నాడు.

"ఎలాగ?" అని అడిగింది గౌరి.

"నెల దాటిన బండికి రోజుకు 50. మొదటి నుంచీ అదే లెక్క."

గౌరి చీటీ ముందూ వెనకా చదివింది. 50 అన్న మాట లేదు. తల ఎత్తి చూసింది. గోడ మీద రేట్ల బోర్డు ఉంది. దుమ్ము పట్టి ఉంది. గౌరి దగ్గరికెళ్ళి చదివింది. అక్కడా 24 గంటలకు 20 అనే ఉంది.

"బాబూ, చీటీ మీద 20. బోర్డు మీద 20. నువ్వు అడిగింది ఎక్కడ రాసి ఉందో చూపించు. రాసి ఉంటే ఇస్తాను."

కుర్రాడు యజమానికి ఫోను చేశాడు. యజమాని ఫోనులోనే కేకలేశాడు. గౌరి గొంతు వణికింది. కానీ అక్కడి నుంచి కదల్లేదు. "స్టేషను మాస్టరు గారి దగ్గరికి వెళ్దాం పదండి. ఆయన బోర్డు చదివి చెప్తారు" అంది. కాసేపటికి 2,360 తీసుకుని బండి ఇచ్చారు. గౌరి రసీదు అడిగి తీసుకుంది.

ఇది తెలుసుకోండి. రైలు స్టేషన్ల దగ్గర బండ్ల స్టాండును ప్రైవేటు కాంట్రాక్టర్లకు ఇస్తారు. కాంట్రాక్టరు తనకు తోచినంత అడగకూడదు. రైల్వేవాళ్ళు ఒప్పుకున్న రేటే తీసుకోవాలి. ఎక్కువ అడిగితే స్టేషను మాస్టరుకు చెప్పవచ్చు. 139 నంబరుకు ఫోను చేయవచ్చు. గౌరికి ఆ రోజు 3,540 మిగిలింది. అది ఎవరో దయతో ఇచ్చింది కాదు. చదవడం వల్ల మిగిలింది.

ఇంటికొచ్చాక గౌరి నోటు పుస్తకంలో ఒక ముక్క రాసుకుంది. "అడిగినంత కాదు, రాసినంత."

ఇక పెద్ద లెక్క. గౌరి అత్తను తోడు తీసుకుని ఆసామి ఇంటికి వెళ్ళింది. "షావుకారు గారూ, మా నోటు ఒకసారి చూపించండి. బాకీ తీర్చేద్దామనుకుంటున్నాం" అంది.

ఆసామి నోటు తెచ్చాడు. "అసలు రెండు లక్షలు. ఇరవై నెలల వడ్డీ 1,20,000. మొత్తం 3,20,000" అన్నాడు.

గౌరి గుండె ఆగినంత పనయింది. "వడ్డీ నెల నెలా కడుతూనే ఉన్నాం కదండీ!"

"నోటు వెనక చెల్లు ఏదీ? ఒక్క పైసా చెల్లు రాసి లేదు. నీ మాటే చెప్పావుగా, రాసినంతేనని! కోర్టుకెళ్తే నీ మొగుడి జీతం జప్తు చేయిస్తాను" అన్నాడు ఆసామి. స్టాండు సంగతి అప్పటికే ఊరంతా పాకింది.

చూశారా? రాసినంత అన్న మాటకు రెండు వైపులా పదునుంది. అప్పు కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించుకోవాలి. జవాను దూరంగా ఉన్నాడు. ఫోనులో డబ్బు పంపాడు. చెల్లు రాయించేవాళ్ళు లేకపోయారు. నోటు మీద చూస్తే కట్టిన డబ్బు కట్టనట్టే ఉంది.

గౌరి ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళింది. మాజీ సైనికుల కోసమే కాదు, ఉద్యోగంలో ఉన్న జవాన్ల కుటుంబాల కోసం కూడా ఆ ఆఫీసు పనిచేస్తుంది. అక్కడివాళ్ళు నెమ్మదిగా అన్నీ చెప్పారు. అవి మీరూ వినండి.

1950లో వచ్చిన సైనిక చట్టం ఉంది. దాని 28వ సెక్షను ప్రకారం అప్పు కోసం జవాను జీతాన్ని సివిలు కోర్టు జప్తు చేయలేదు. 29వ సెక్షను ప్రకారం అప్పు కోసం సివిలు కోర్టు జవానును అరెస్టు చేయించలేదు. బ్యాంకు వాయిదా సంగతి వేరు. దానికి జవాను ముందే ఒప్పుకుని సంతకం పెట్టాడు.

1925 నాటి చట్టం ఇంకొకటి ఉంది. జవాను యుద్ధంలోనో, అలాంటి ప్రత్యేక విధిలోనో ఉండి కోర్టుకు రాలేకపోతే, ఆ సంగతి కోర్టుకు తెలియజేసే పద్ధతి అందులో ఉంది. కలెక్టరు కూడా తెలియజేయవచ్చు. అప్పుడు దావా వాయిదా పడుతుంది. జవాను లేనప్పుడు తీర్పు ఇచ్చేసినా, దాన్ని రద్దు చేయమని అడగవచ్చు.

"అయితే అప్పు కట్టక్కర్లేదా అండీ?" అని గౌరి అడిగింది.

"అలా కాదమ్మా. చట్టం జీతాన్ని కాపాడుతుంది. అప్పును చెరిపేయదు. ఇల్లు, పొలం మీదికి దావా రావచ్చు. అప్పు న్యాయంగా తీర్చాలి. అన్యాయంగా అడిగింది ఇవ్వక్కర్లేదు" అన్నారు.

మరి చెల్లు లేదే! దానికీ దారి దొరికింది. కట్టిన డబ్బంతా బ్యాంకు నుంచి పోయింది. పాసుపుస్తకంలో తేదీతో సహా ఉంది. నోటు వెనక రాయకపోయినా బ్యాంకు రాసింది. అదీ రాతే.

గౌరి కోర్టు ఆవరణలోని న్యాయ సేవల ఆఫీసుకు వెళ్ళింది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెప్తారు. వాళ్ళు ఆసామిని లోక్ అదాలత్‌కు పిలిపించారు. దావా వేయకముందే అక్కడ రాజీ చేసుకోవచ్చు. ఫీజు లేదు. అక్కడ రాసుకున్న రాజీకి కోర్టు తీర్పుకున్నంత బలం ఉంటుంది.

గౌరి పాసుపుస్తకం తెరిచి పెట్టింది. ఇరవై చోట్ల పెన్సిలుతో గీత గీసి ఉంది. పెద్దలు చూశారు. మరీ ఎక్కువ వడ్డీని కోర్టు తగ్గించవచ్చని కూడా ఆసామికి చెప్పారు. 1918 నుంచీ ఆ చట్టం ఉంది. ఆసామి కాసేపు గొణిగాడు. చివరికి అసలు రెండు లక్షలు తీసుకుని నోటు తిరిగి ఇస్తానని ఒప్పుకున్నాడు. రెండు నెలలు గడువు ఇచ్చాడు. ఆ రెండు నెలలకు వడ్డీ లేదు.

రెండు లక్షలు ఎక్కడి నుంచి తేవాలి? మళ్ళీ నోటు పుస్తకం తీశారు.

జవాన్ల జీతంలో నుంచి నెల నెలా భవిష్యనిధికి కొంత కోస్తారు. నియమాల ప్రకారం దానిలో నుంచి అడ్వాన్సు తీసుకోవచ్చు. జవాను సిగ్గు పక్కన పెట్టి పై అధికారికి చెప్పాడు. ఆయన కోప్పడలేదు. ఇంతకాలం ఎందుకు దాచావని అడిగాడు. 80,000 వచ్చింది. డ్వాక్రా సంఘం నుంచి గౌరికి 50,000 అప్పు వచ్చింది. నెలకు నూటికి రూపాయి వడ్డీ. ఇంకా 70,000 కావాలి.

ఇంట్లో ఉన్న విలువైన వస్తువు బండి ఒక్కటే. ఏడాదిలో జవాను ఇంట్లో ఉండేది రెండు మూడు నెలలు. మిగిలిన నెలలన్నీ బండి నిలబడే ఉంటుంది. కానీ అది అతను ఇష్టపడి, మూడేళ్ళు డబ్బు దాచి కొనుక్కున్న బండి. సెలవులో దాని మీద కూతుర్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పుతాడు. గౌరికి అడగడానికి నోరు రాలేదు. రెండు రోజులు ఆగి అడిగింది. అతను ఏమీ అనకుండా ఫోను పెట్టేశాడు.

మర్నాడు తనే ఫోను చేశాడు. "అమ్మెయ్యి గౌరీ. ముందు ఒకసారి కడిగి, పాపను దాని మీద కూర్చోబెట్టి ఫొటో తీసి పంపు" అన్నాడు.

బండి పేరు మార్చే కాగితాల మీద సంతకం చేసి పోస్టులో పంపాడు. బండి 70,000కు పోయింది.

నవంబరులో బాకీ తీరింది. గౌరి నోటు తిరిగి తీసుకుంది. దాని మీద చెల్లు రాయించింది. లోక్ అదాలత్ కాగితంతో కలిపి పెట్టెలో పెట్టింది.

ఇప్పుడు నెలకు ఎంత కడుతున్నారు? భవిష్యనిధికి 4,000, ఇరవై నెలలు. సంఘానికి 2,000, ఇరవై అయిదు నెలలు. ఆపైన సంఘం వడ్డీ మొదటి నెల 500. అది నెల నెలా తగ్గుతుంది. ఇంచుమించు అదే ఆరువేలు! ఇదివరకు ఆ ఆరువేలు వడ్డీకే పోయేవి. ఎప్పటికీ తరిగేవి కావు. ఇప్పుడు అసలు తరుగుతోంది. రెండేళ్ళు దాటగానే పూర్తవుతుంది. శ్లాబు అప్పు ఇంకా ఉంది. దానికి వాయిదా కడుతున్నారు. ఇల్లు ఇప్పటికీ ఇరుకుగానే నడుస్తోంది. కానీ ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరు మోసే అప్పు లేదు.

అక్కలారా! 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రాత్రిబడిలో చదువుకుని సారా మీద పోరాడారు. తరువాత అదే జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. రోజుకు ఒక్క రూపాయి దాచారు. రోజుల లెక్క మనవైపు ఉంటే అది పొదుపు. ఎదటివాళ్ళ వైపు ఉంటే అది అప్పు.

నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ఏ చీటీ చేతికొచ్చినా ఇంట్లో చదివేవాళ్ళకు చూపించండి. ఖాళీ నోటు మీద, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు. బాకీ కట్టిన రోజే చెల్లు గానీ రసీదు గానీ రాయించుకోండి. భర్త దూరాన ఉంటే నెలకొకసారి ఇద్దరూ ఫోనులో ఇంటి లెక్క చెప్పుకోండి. క్షేమం అడిగినట్టే అప్పు కూడా అడగండి.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక ట్రంకు పెట్టె తెరవండి. పటాల వెనక చూడండి. పాత చీటీలు, నోట్లు, పాసుపుస్తకం ఒక్కచోట పెట్టండి. చదవగలిగింది చదవండి. చదవలేనిది రేపు రాత్రిబడికి తీసుకురండి. అందరం కలిసి చదువుదాం.